చెంబు అడుగున మిగిలిన చారు

మా కోడి దిగులుతో జబ్బుపడిందన్న మాట అబద్ధం. ఎంతమంది చెప్పినా, ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పినా అబద్ధమే.

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక ఆడవాళ్ళందరూ వక్కాకు పళ్ళెం చుట్టూ చేరినప్పుడు ఈ కథ బయటికి వస్తుంది. చెప్పేది మావారి అక్క, నాకు వదిన. ఉండేది మా ఊళ్ళోనే, గోరిమేడులో. మొదలుపెట్టే ముందు కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు ఒక మెట్టు కిందికి దించుతుంది.

"మా అమ్మ పోయిన దినం నుంచి ఆ కోడి మేత ముట్టలేదు. ఏడాదంతా రెక్కలు వేలాడేసుకొని గోడ పక్కన కూర్చునింది. దివసం నాడు కాకికి ముద్ద పెట్టినాము. ఎంత పిలిచినా కాకి రాలా. అందరమూ చూస్తానే ఉండాము, ఆ కోడి లేచి, మెల్లిగా నడిచొచ్చి, ముద్ద తినేసింది. ఆ దినంతో జబ్బు పోయింది. మా అమ్మే వచ్చి తినిపోయింది, ఇంకేంది?"

వినేవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకుంటుంది. ఇంకొకామె చెయ్యి చాపి, వెంట్రుకలు ఎలా నిక్కబొడుచుకున్నాయో చూడమంటుంది. తర్వాత అందరూ నా వైపు తిరుగుతారు, సాక్షి సంతకం నేను పెట్టాలన్నట్టు.

నేను పెట్టను. ఏడాది తిరిగాక పెట్టిన ఆ తద్దినం రోజున కోడి ముద్ద తిన్న మాట నిజమే. నేనూ అక్కడే ఉన్నాను. మిగతాదే ఒప్పుకోను. అత్త పోయాక ఎనిమిది నెలలు ఆ కోడి మునుపటికంటే ఎక్కువే తిన్నది. నేను ఎండబెట్టిన వడియాలు తిన్నది. ఎదురింటామె పెంచుకున్న మునగ మొక్క చిగుళ్ళు తిన్నది. ఆమె మా గుమ్మంలో నిలబడి నాతో పోట్లాడుతుంటే వెనకనుంచి వచ్చి ఆమె కాలి మెట్టెను పొడిచింది. దిగులుపడ్డ జీవం చేసే పనులేనా ఇవి?

ఈ మాట నేను నోటితో చాలాసార్లు చెప్పాను. "నీకు అన్నిట్లోనూ వాదమే" అని కొట్టిపారేశారు. అందుకని రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. తరాల తరబడి ఈ అరవ ఊళ్ళోనే ఉండిపోయిన కుటుంబాలు మావి, బడి చదువులు అరవంలోనో ఇంగ్లీషులోనో సాగిపోయాయి. నేను మాత్రం మా నాన్న వెంటపడి అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఇక్కడ ఏం రాసినా మా వాళ్ళెవరూ నాతో గొడవకు రారు. నాకున్న లోటల్లా అదే.

కోడి అత్తది. మా పొలం చేసేవాళ్ళు మూడు పిల్లలు తెచ్చిస్తే, రెండింటిని పిల్లి ఎత్తుకుపోయింది, ఇది మిగిలింది. గోధుమరంగు ఒళ్ళు, మెడ చుట్టూ నల్లచుక్కలు. అయిదేళ్ళు గుడ్లు పెట్టి మానేసింది. గుడ్లు మానేసిన కోడి మా ఇళ్ళలో పండగ దాకా కూడా ఆగదు. అత్త మాత్రం దీన్ని ఉంచుకుంది. ఎందుకని అడిగితే నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వూ నేనూ ఇప్పుడు ఏం పెడతా ఉండాము?" అంది.

ఆమె నన్నూ కోడినీ ఒకే పిలుపుతో పిలిచేది. పెరటి గుమ్మంలో నిలబడి "ఏమ్మే!" అంటే ఇద్దరం తల తిప్పేవాళ్ళం. ముందు కోడే వెళ్ళేది.

అత్తకూ నాకూ ఇరవై రెండేళ్ళు పడలేదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చిన కోడలిని, ఆ చదువును ఇంట్లో అందరి మీదా ప్రయోగించేదాన్ని. పప్పులో సోడా ఎందుకు వెయ్యకూడదో, రాగి బిందెలో మజ్జిగ ఎందుకు పోయకూడదో ఉపన్యాసాలిచ్చేదాన్ని. అత్త అన్నీ విని, చివర్లో "సరి, చారు కాచు" అనేది. ఆ చారు దగ్గరే మా పెద్ద గొడవ.

ఇక్కడి ఇళ్ళలో చారు కాయడానికి వేరే చెంబు ఉంటుంది. ఈయ చెంబు అంటారు. తగరంతో చేసింది, వెండిలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. లోపల చారు ఉన్నంతసేపే అది మంటకు ఓర్చుకుంటుంది. చారు ఇంకిపోయిందా, చెంబే కరిగి పొయ్యి మీద పారుతుంది. దీన్ని ఒక్కసారైనా కరిగించని కోడలు ఊళ్ళో లేదంటారు. మా ఇంట్లో మాత్రం, అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబును అత్తే కరిగించుకుంది. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

మూడో రోజు వదిన కొత్త చెంబుతో వచ్చింది. సైకిలు మీద వీధులు తిరుగుతూ, పాత సామాను తీసుకుని కొత్త పాత్రలిచ్చే మనిషి దగ్గర, కరిగిన ముద్దను మార్చి తెచ్చింది. చేతిలో పెడితే మణికట్టు వంగేంత బరువు.

"చూడమ్మా, ఎంత బరువుండాదో! ఇంత గట్టి సరుకు ఇప్పుడు యాడ దొరుకుతాది?" అంది వదిన.

అత్త చెంబును ఎత్తి చూసి మెచ్చుకుంది. నేనూ ఎత్తి చూశాను. కెమిస్ట్రీ చదివిన నేను కూడా, "అవును, పాతదానికంటే బరువు" అని మెచ్చుకున్నాను.

చారు నాకు పడదు, పులుపంటే కడుపులో మంట. మావారు సేదరపేట్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి, పగటి భోజనం క్యాంటీన్‌లో, సాయంత్రం ఇంటికొచ్చి టిఫినే. పిల్లలు హాస్టళ్ళలో. ఆ చెంబులో చారు తాగేది అత్త ఒక్కతే. కాచేది నేను. స్టీలు గిన్నెలో కాస్తానంటే ఒప్పుకునేది కాదు. "ఈయ చెంబులో కాగితేనే మిరియాల చారు మందవుతాది. లేకుంటే సుమ్మా, ఉత్త పులుసు నీళ్ళు" అనేది. అశాస్త్రీయం అని నేను. శాస్త్రం నువ్వు తాగు, చారు నాకు పొయ్యి అని ఆమె.

ఏడాది తర్వాత ఆమె చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. వారం తిరక్కుండా ఇంకోటి. కుడి మణికట్టు పైకి లేచేది కాదు, చెయ్యి కొమ్మకు వేలాడే కాయలాగా కిందికి వంగిపోయేది. కడుపునొప్పి ఉండేది. చూపించిన చోటల్లా వయసన్నారు, నరాలన్నారు. కడుపు బాగాలేదని ఆమె కూరలు మానేసింది, పెరుగు మానేసింది, చారన్నం ఒక్కటే తినేది. పొద్దున కాచిన చారే రాత్రి దాకా చెంబులో ఉండేది. అలా రెండేళ్ళు గడిచాక, ఒక ఆడి నెలలో, అంటే జులైలో, మధ్యాహ్నం నిద్రలో పోయింది. చెంబును కడిగి అటక మీద పెట్టేశాను. కోడి నాకు మిగిలింది.

ఎనిమిది నెలలు అది ఎంత సుఖంగా బతికిందో పైన రాశాను. మార్చి నెలలో పేపర్ల నిండా కోళ్ళ జబ్బు వార్తలు వచ్చాయి. ఎక్కడో ఊళ్ళల్లో కోళ్ళను గోతుల్లో పూడ్చేస్తున్న ఫోటోలు వేశారు. సరిగ్గా అప్పుడే మా కోడి తుమ్మింది. పెరట్లో తుమ్మితే ఎదురింటికి వినిపించింది.

"అక్కా, మీ కోడి తుమ్మతా ఉండాది" అంటూ వచ్చింది ఎదురింటామె.

"తుమ్మితే తుమ్మింది. నువ్వు తుమ్మవా?"

"నేను తుమ్మితే వీధిలో జనం చావరు కదక్కా. మునిసిపాలిటీలో చెప్తే వాళ్ళే వచ్చి తీసుకుపోతారంట."

"చెప్పు. వాళ్ళు వచ్చినప్పుడు నువ్వు డాబా మీద దాచిపెట్టిన నాలుగు పావురాలను కూడా చూపిస్తా."

ఆమె వెళ్ళిపోయింది గానీ నాకు భయం పట్టుకుంది. ఆ సాయంత్రమే అటక మీది చెంబు దించాను. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి, చింతపండు పిండి, చారు కాచి, అన్నం మెత్తగా పిసికి కోడికి పెట్టాను. స్టీలు గిన్నె నా చేతికి అందే దూరంలోనే ఉంది. ఇరవై రెండేళ్ళు వినని మాటను, చెప్పే మనిషి లేనప్పుడు విన్నాను. ఎందుకో నన్ను అడగకండి. ఆ చెంబు తీసుకోవడమే న్యాయమనిపించింది.

నాలుగు రోజుల్లో తుమ్ములు ఆగాయి. గెలిచాననుకున్నాను. ముసలి ఒంటికి బలం వస్తుందని చారన్నం కొనసాగించాను. పొద్దున కాచడం, మధ్యాహ్నం ఒక ముద్ద, సాయంత్రం అడుగున మిగిలిన చిక్కటిది ఇంకో ముద్ద. కోడి ఇష్టంగా తినేది, ముక్కు నేలకు రాసుకునేది.

నెల తిరిగేసరికి రెక్కలు వేలాడేసింది. రెట్ట పచ్చగా, నీళ్ళలాగా పడేది. నాలుగడుగులు వేసి, కాళ్ళు ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టు ఆగి, పక్కకు ఒరిగేది. ఒళ్ళో పెట్టుకుని తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులాగా తగిలేది. అదేమీ తుమ్ముల జబ్బు కాదు. నాకు తెలిసిన ఏ జబ్బులాగానూ లేదు.

వెదురు గంపలో పెట్టి, మోపెడ్ ముందు కట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మర్యాదస్తుడు. నోరు తెరిచి చూశాడు, రెట్ట పరీక్షకు పంపాడు, రెండు వారాలు మందిచ్చాడు. పురుగుల్లేవు, జ్వరం లేదు, అంటుజబ్బు కాదు. అంటుజబ్బు కాదని కాగితం రాసి ఇమ్మంటే ఇచ్చాడు. దాన్ని తీసుకెళ్ళి ఎదురింటామెతో గట్టిగా చదివించాను.

"అమ్మా, ఇదేమిటో నాకు తెలియడం లేదు" అన్నాడు మూడోసారి వెళ్ళినప్పుడు. "ఎనిమిదేళ్ళ కోడికి వైద్యం చేయించేవాళ్ళను నేనింతవరకు చూడలేదు."

"చూశారుగా ఇప్పుడు. ఇంకేం పరీక్ష ఉందో చెప్పండి."

ఆయన నవ్వి, బలానికి ఒక కాల్షియం సీసా ఇచ్చాడు. నేను ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకం తెరిచాను. కాలేజీ ల్యాబులో మాకు అలా నేర్పారు, తెలియనప్పుడు ఊహించకు, రాసిపెట్టు అని. ఎన్ని అడుగులు నడిచింది, రెట్ట ఏ రంగు, ఏం తిన్నది, ఎన్నిసార్లు ఒరిగింది. రోజూ రాశాను. ప్రతి రోజూ తిండి గడిలో "మి.చా." అని రెండుసార్లు ఉండేది, మిరియాల చారు. జబ్బు ముదిరిన కొద్దీ అది మూడుసార్లయింది.

వదిన వారానికోసారి వచ్చి పెరటి మెట్టు మీద కూర్చుని కోడిని చూసి నిట్టూర్చేది.

"దానికి మందులేంది? అది మా అమ్మ కోసం ఏడస్తా ఉండాది. సుమ్మా వదిలెయ్యి, అది కూడా పోయి చేరిపోనీ."

"ఎనిమిది నెలలు లేని ఏడుపు ఇప్పుడెందుకొచ్చింది, వదినా?"

"దుఃఖానికి క్యాలెండరు ఉంటాదా?"

ఆ ఒక్క మాటకు నేను నోటుపుస్తకం తెరిచి ఆ రోజు లెక్క రాసుకున్నాను. పంతం పెరిగింది. దిగులు అనేస్తే ఇక వెతకనక్కర్లేదు. డాక్టరు వద్దు, నోటుపుస్తకం వద్దు, కూర్చుని నిట్టూరిస్తే చాలు. అత్త చెయ్యి వంగిపోయినప్పుడు మేమందరం "వయసు" అనేసి కూర్చున్నాం. నేనూ అన్నాను. ఇంకోసారి అనదలుచుకోలేదు.

ఆడి నెల దగ్గరపడింది. ఒక ఆదివారం మావారు పెరట్లోకి వచ్చి, కోడిని చూడకుండా జామచెట్టును చూస్తూ మాట్లాడారు.

"దివసానికి అందరూ వస్తారు. ఈ జబ్బు కోడిని చూస్తే ఒక్కరు కూడా ఆకు ముందర కూర్చోరు. అందరూ పేపరు చదవతా ఉండారు. ముందు దినం దాకా చూస్తా. లేచి నిలబడిందా, సరి. లేకుంటే నేనే తీసుకుపోతా."

"యాడికి?"

"యాడికో."

"అది మీ అమ్మ కోడి."

"అందుకే చెప్తా ఉండా. అది పడే బాధ నేను చూడలేను. నువ్వు మందులు పోసి పోసి దాన్ని సాగదీస్తా ఉండావు."

ఆయన కఠినుడు కాదు. అందువల్లే ఆ మాట నన్ను కోసింది. నాకు పద్దెనిమిది రోజులున్నాయి.

తద్దినానికి పదకొండు రోజుల ముందు, కోడికి చారు పొయ్యి మీద పెట్టాను. హాల్లో ఫోను మోగింది. అప్పటికి ఇంట్లో సెల్లు వచ్చినా, వదిన ల్యాండులైనుకే చేసేది. తద్దినం వంటల్లో అరటికాయ కూరా, చామదుంపల వేపుడా అన్నది ప్రశ్న. అరటికాయ ఆనవాయితీ అని ఆమె. అత్తకు చామదుంపలంటే ప్రాణం, పెట్టేది ఆమెకే కదా అని నేను. తినేది ఎవరు, పెట్టేది ఎవరు, పుట్టింటి హక్కు ఎవరిది అనే దాకా వెళ్ళాం. మసాలా మాడిన వాసన వచ్చాక పరుగెత్తాను. బర్నరు చుట్టూ తెల్లటి మడుగు మెరుస్తోంది. చెంబు మూతి ఒక్కటే ఉంగరంలాగా మిగిలింది.

"అమ్మ చెంబు కరిగించేసినావా!" అని, నేను చెప్పగానే, వదిన ఫోన్లోనే ఏడ్చింది.

"మీ అమ్మా కరిగించింది. వంశాచారం" అన్నాను. నా నోటికి అదుపు లేదని అందరికీ తెలిసిందే.

చల్లారాక ఆ లోహపు ముద్దను గీకి తీసి కిటికీలో పెట్టాను. తద్దినం పనుల్లో పడి చారు సంగతి మరిచాను. కోడికి నానబెట్టిన బియ్యం, తోటకూర, డాక్టరిచ్చిన కాల్షియం, అంతే. నాలుగో రోజు రెట్టలో పచ్చదనం తగ్గింది, రాసుకున్నాను. ఏడో రోజు గంపలోంచి తల బయటికి పెట్టి తోటకూర కాడ లాక్కుంది, రాసుకున్నాను. ఎందుకని ఆలోచించలేదు. కాల్షియం పనిచేస్తోందనుకున్నాను.

ముందు రోజు సాయంత్రం మావారు గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. వదిన అప్పటికే పెట్టెతో దిగి, పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. నేను కోడిని గంపలోంచి తీసి నేల మీద పెట్టాను. అది నిలబడింది. రెండు కాళ్ళ మీద, రెక్కలు ఈడుస్తూ, ఒకటి, రెండు, మూడు, ఆరడుగులు నడిచి, పక్కకు ఒరిగింది.

"లేచింది" అన్నాను.

"పడింది కదా."

"లేస్తే సరి అన్నారు. పడకూడదని ఎప్పుడన్నారు?"

"ఇదేంది, కోర్టా?"

"కోర్టే. వారం ముందు ఒక్కడుగు. ఇప్పుడు ఆరు. పుస్తకంలో ఉంది, చూస్తారా?"

ఆయన పుస్తకం చూడలేదు. కోడిని చూశారు. చాలా రోజుల తర్వాత వంగి, దాని వీపు మీద చెయ్యి వేశారు. "రేపు అందరూ పోయే దాకా గంపకింద ఉంచు" అని గోనెసంచిని గోడ మీద వేసి లోపలికి వెళ్ళారు.

మరుసటి రోజు నేను తెల్లవారినప్పటి నుంచి వంటింట్లోనే ఉన్నాను. గంపకు రాయి పెట్టడం మరిచాను. కోడికి మేత వెయ్యడం కూడా మరిచాను. పెరటి గోడ పక్కన ఆకు పరిచి, కాకికి ముద్ద పెట్టి, మగవాళ్ళందరూ కా కా అని పిలుస్తున్నారు. కాకి రాలేదు. పక్కవీధిలో ఎవరో అదే రోజు తద్దినం పెడుతుంటే కాకులన్నీ అటు వెళ్ళి ఉంటాయి. గంప కదిలింది. కోడి బయటికి వచ్చి, ఆగి, ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, ఆకు దాకా నడిచి ముద్దను పొడిచింది. వదిన "అమ్మా!" అని అరిచి నేల మీద కూలబడింది. మావారు చేతులు జోడించారు. వెనక ఇరవై మంది మెడలు సాచి చూశారు. పొద్దుటి నుంచి దానికి మేత పడలేదన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. మావారి మొహం చూసి మింగేశాను. నేను మింగిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దీన్నొక్కదాన్నీ మింగినందుకే ఆ కథ పుట్టింది.

వాళ్ళంతా వెళ్ళిపోయాక, రెండు రోజులకు, కాల్షియం ఎప్పటినుంచి పనిచేసిందో చూద్దామని నోటుపుస్తకం తీశాను. కాల్షియం మొదలై అప్పటికి నెలన్నర. అందులో మొదటి నెలంతా జబ్బు పెరుగుతూనే ఉంది. తగ్గడం మొదలైంది తద్దినానికి పదకొండు రోజుల ముందు. ఆ పేజీ నుంచి తిండి గడిలో "మి.చా." లేదు.

కిటికీలో ముద్ద ఉంది. తీసుకుని, ఖాళీ పేజీ మీద గీశాను. నల్లటి గీత పడింది, పెన్సిలు గీతలాగా. తగరం అంత నల్లటి గీత పెట్టదు. సీసం పెడుతుంది. సీసం పులుపులో కరుగుతుందని, ఒంట్లో చేరితే నరాలను పట్టుకుంటుందని, నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. సీసం తగరం కంటే చాలా బరువని కూడా రాశాను.

ఆ ముద్ద పట్టుకుని మా కోసపాళయంలోనే, ఇత్తడి పాత్రలకు కళాయి పూసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తన దగ్గరున్న తగరపు కడ్డీని నా చెవి దగ్గర పెట్టి వంచాడు. సన్నగా కరకరమంది.

"అసలు తగరం ఇట్లా అరస్తాది, తల్లీ. ఇదిగో నీది" అని నా ముద్ద అంచును పటకారుతో వంచాడు. చప్పుడు లేదు. గోటితో గీస్తే గీత పడింది. "దీంట్లో ఈయం చారెడు, మిగతాదంతా సీసం. దీన్ని చారుకా పెట్టినావు? చేపల వల బరువులకు పెట్టుకోవాల్సింది."

పశువుల డాక్టరు పుస్తకమంతా తిప్పి, కుర్చీలో వెనక్కి వాలాడు. "అయి ఉండొచ్చమ్మా. లక్షణాలన్నీ సరిపోతున్నాయి. రక్తం పరీక్షిస్తే గానీ ఖాయంగా చెప్పలేం. కోడి రక్తాన్ని ఇక్కడ ఎవరూ చూడరు. మీరు దానికి ఆ చారు మానేశారు కదా, అదే వైద్యం."

అదే వైద్యం. నాలుగు నెలలు దాన్ని బతికించాలని పంతం పట్టి, రోజుకు రెండు మూడు పూటలు దానికి విషం తినిపించింది నేనే. దాన్ని కాపాడింది నా పంతం కాదు, అరటికాయ మీద గొడవ.

వదినకు చెప్పకుండా ఉండొచ్చు. ఇంట్లో చాలామంది ఆ సలహాయే ఇచ్చేవాళ్ళు, అడిగి ఉంటే. నేను అడగలేదు. మోపెడ్ మీద గోరిమేడు వెళ్ళి, ముద్ద ఆమె ముందు పెట్టి, పుస్తకం తెరిచి, కాగితం మీద గీత గీసి చూపించాను. ఆమె ఆ గీతను వేలితో తుడిచి చూసింది. కోడి గురించి ఒక్క మాట అడగలేదు. తెలివైనది. నేను ఎక్కడికి వస్తున్నానో నాకంటే ముందే అక్కడికి చేరింది.

"అమ్మ చెయ్యి..." అని ఆగిపోయింది.

నేను పుస్తకం మూశాను.

"నేను తెచ్చినా" అంది. తల ఎత్తి, "కాచింది నువ్వే కదా" అంది.

"నేనే."

"దినామూ."

"దినామూ, వదినా."

ఆమె లేచి లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. ఇద్దరం తాగాం. గ్లాసు దించేటప్పుడు నా మణికట్టు వైపు చూసుకున్నాను. ఆమె కూడా తన మణికట్టు చూసుకుంది. వాకిట్లోకి సాగనంపుతూ, "కోడి దిగులుతోనే జబ్బుపడింది. నాకు అట్లనే తెలుసు. నాకు ఇంకేం చెప్పొద్దు" అంది. ఆ తర్వాతి పెళ్ళిలోనే మళ్ళీ కథ మొదలుపెట్టింది, ఈసారి రాని కాకుల సంఖ్య కూడా చేర్చి.

ఆమె ఎందుకు చెప్తుందో నాకు తెలుసు. తెలిసి కూడా ఒప్పుకోను.

కోడి ఇంకో రెండున్నరేళ్ళు బతికింది. ఎడమ రెక్క పూర్తిగా పైకి లేవలేదు, పరుగెత్తితే ఒకవైపు నేలను ఊడ్చేది. మునగ చిగుళ్ళు మళ్ళీ తిన్నది, ఎదురింటామె మళ్ళీ వచ్చి పోట్లాడింది. నాకు ఎప్పుడూ అంత సంతోషం కలగలేదు. చివరికి ఒక ఎండాకాలం జామచెట్టు కింద, ఏ పజిలూ మిగల్చకుండా, వయసుతోనే పోయింది.

అత్త విషయం అలా తేలలేదు. ఆమెకు వైద్యం చేసిన ఇద్దరు డాక్టర్లను కలిశాను. ఒకాయన సానుభూతిగా తల ఊపాడు. ఇంకొకాయన, అప్పుడు ఆ పరీక్ష చేయించలేదు, ఇప్పుడు చేయించడానికి మనిషి లేదు కదమ్మా అన్నాడు. నన్ను ఓదార్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఓదార్పు నేనడగలేదు. నోటుపుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది, ఆ నల్లటి గీతతో సహా. నోరు విప్పలేని కోడికి నెలన్నర పాటు లెక్క రాసిపెట్టాను. రోజూ నా ఎదుటే కూర్చుని, చెయ్యి లేవడం లేదే, కడుపు నొప్పే అని నోటితో చెప్పిన మనిషికి ఒక్క పేజీ రాయలేదు. అందుకే ఇప్పుడు తెలిసినవాళ్ళను, నిజంగా తెలిసినవాళ్ళనే, అడుగుతున్నాను. నెల రోజుల్లో కోడిని నేలకు ఒరిగేలా చేసిన చారు, మూడేళ్ళు దాన్ని తాగిన మనిషిని ఏం చేసి ఉంటుంది? మా అత్త చేతిలోంచి ఆ మొదటి గ్లాసు జారింది వయసు వల్లనా, నేను కాచి పోసిన చారు వల్లనా?